నా మౌనం ఎవరి సొమ్ము?

అన్యాయం మీద గొంతెత్తటం గురించి రాయమని మిత్రులు అడిగారు. గొంతెత్తిన రోజుల గురించి రాద్దామని కూచుంటే చెయ్యి కదల్లేదు. నా బతుకులో అట్లాంటి రోజులు వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. నోరు మూసుకున్న రోజులకు లెక్క లేదు. అందుకని వాటి గురించే రాస్తున్నాను.

ఏప్రిల్ 14న బాబాసాహెబు ఫోటోకు దండేసి మైకు ముందు మాట్లాడిన రోజులు చాలా ఉన్నాయి. ఆ ఉపన్యాసాల వల్ల నాకు ఒక్క ఇంక్రిమెంటు ఆగలేదు. స్టాఫ్‌రూములో ఒక్క పూట చాయ్ తప్పలేదు. పైగా చప్పట్లు కొట్టారు. ఏమీ పోగొట్టుకోకుండా మాట్లాడిన మాటను మాట అనొచ్చునా? మరి పోగొట్టుకునేది ఉన్నప్పుడు నోరు మూసుకున్నవాడిది భయమా, తప్పా? చాలా ఏండ్లుగా ఈ ప్రశ్న నన్ను పీడిస్తున్నది.

మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. ఊరికి దిగువన మాదిగవాడ. నాయిన డప్పు కొట్టేది. పటేండ్ల ఇంట్ల పెండ్లయినా చావయినా కబురొస్తే పోవాలె. కూలి అడిగే ముచ్చట లేదు. ఇంత కల్లు పోస్తరు, మిగిలిన అన్నం మూటగడతరు. నాకు పదేండ్లున్నప్పుడు ఒక చావుకాడ నాయిన “పైసలియ్యకుంటే కొట్ట” అన్నడు. రెండే మాటలు. అరిచి గూడ అనలేదట, మెల్లగనే అన్నడట. ఆ ఏడు మమ్ముల ఎవరూ కూలికి పిలవలే. అవ్వ కలుపుకు పోతే గట్టుమీదికెల్లే ఎల్లగొట్టిండ్రు. కిరాణం కొట్టాయన ఉద్దెర బంద్ జేసిండు. దసరా రాకముందే మూటాముల్లె సర్దుకొని పట్నం బస్సెక్కినం.

బల్కంపేట దిక్కు ఒక రేకుల అర్రలో దిగినం. నాయిన అపార్ట్‌మెంట్ల కాడ సిమెంటు పనికి పోయిండు. అవ్వకు కాంట్రాక్టు కింద రోడ్లు ఊడ్చే పని దొరికింది. అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా ఆమె తిరిగిన బీటే. తెల్లారగట్ల నాలుగింటికి లేచి పోయేది. అమీర్‌పేట అప్పటికే కంప్యూటర్ కోర్సుల అడ్డా అయింది. మైత్రీవనం ముంగట పొద్దంతా రంగురంగుల కాగితాలు పంచుతారు. జావా, ఒరాకిల్, వంద శాతం ఉద్యోగం అని. తీసుకున్నోళ్లు నాలుగడుగులు పోయి పారేస్తారు. తెల్లారి అవ్వ వాటిని ఊడ్చేది. ఒకవైపు ఖాళీగా ఉన్నవి ఏరి తెచ్చేది. నేను వాటి వెనుక లెక్కలు చేశాను. దేశమంతా ఉద్యోగం కోసం చదవటానికి వచ్చే చోట నేను ఆ కాగితాల వెనుక పక్కన చదువుకున్నాను.

ఇంటర్ చదివేటప్పుడు నాయిన పోయాడు. సర్కారు బడి, సర్కారు కాలేజీ, బి.ఇడి. అయి, 2012 డి.ఎస్సీ.లో సోషల్ టీచరుగా సెలక్టయ్యాను. మా వంశంలో డిగ్రీ పట్టా ముట్టింది నేనే మొదలు. అందరూ నా కష్టం అన్నారు. నేనూ అట్లనే అనుకున్నాను. నాయిన ఆ చావుకాడ డప్పు కొట్టి ఉంటే నేను ఇయ్యాల అదే ఊళ్లో అదే డప్పు మోస్తుండేవాణ్ని గదా అని చాలా కాలం తోచలేదు. నా ఉద్యోగానికి మొదటి పెట్టుబడి ఆయన అన్న రెండు మాటలు. దాని ఖరీదు ఆయన, అవ్వ కట్టారు. జీతం నేను తీసుకుంటున్నాను.

పెండ్లయినాక 2015లో ఎస్.ఆర్. నగర్ దిక్కు అద్దె ఇల్లు వెతికాం. అమీర్‌పేటలో ఇల్లు వెతికినవాళ్లకు చెప్పనక్కర లేదు. టులెట్ బోర్డు మీద అద్దె ఎంతో ఉండదు గానీ, లోపలికి పోయినాక మొదటి ప్రశ్న ఒకటే. “మీరేమిట్లండీ?” నాలుగిండ్లల్లో నిజం చెప్పాను. నాలుగిండ్లూ అప్పటికప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశారట! ఐదో ఇంట్లో ఓనరు పెద్దాయన. “టీచరండీ” అన్నాను. ఆయన నవ్వి, “మీ మాట చూస్తేనే తెలుస్తోంది, మనవాళ్లేనని” అన్నాడు. నేను అవుననలేదు. కాదనలేదు. అబద్ధం ఆడలేదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అబద్ధం నోటితోనే ఆడాల్నా?

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టల్ నుంచి వెలివేసిన అయిదుగురు విద్యార్థులు క్యాంపస్‌లోనే డేరా వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో నా ఫోటో తీసి రోహిత్ ఫోటో పెట్టాను. ఓనరు నంబరు కూడా నా ఫోన్‌లో ఉందని తెల్లారి గుర్తొచ్చింది. ఫోటో తీసేసి, పువ్వు బొమ్మ పెట్టాను. దేశమంతా మాట్లాడిన వారం అది. నేను మాట్లాడింది ఒక్క రాత్రి, అదీ నిద్రపోయే వాళ్లతో.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. అవ్వ పని దిగి ఒక్కోరోజు మనవరాలిని చూడటానికి మా ఇంటికొచ్చేది. ఊడ్చేవాళ్లు వేసుకునే రంగు కోటు మీదనే వచ్చేది. ఒకరోజు మెట్ల కాడ ఓనరు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఆ సాయంత్రం నేను అన్నాను, “అవ్వా, ఇక్కడికొచ్చేటప్పుడు ఆ కోటు ఇప్పి సంచిల పెట్టుకో” అని. ఆమె ఏమీ అనలేదు. ఆనాటి నుంచి కోటు మడిచి సంచిలో పెట్టుకునే వచ్చింది.

నా మౌనం నన్నొక్కణ్నే దాచుతున్నదనుకున్నాను. అది అవ్వను దాచింది.

2019 ఏప్రిల్ 11న పార్లమెంటు ఎన్నికలు. డ్యూటీ చేసొచ్చాను. ఓటరు వేలికి సిరా పెట్టాను, రాజ్యాంగం పని చేశానని గర్వపడ్డాను. రెండు రోజులకు, 13న, జయంతికి ఒక రోజు ముందు, పంజగుట్ట చౌరస్తాలో నిలబెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని జి.హెచ్.ఎం.సి. వాళ్లు తీసేశారు. ఆ విగ్రహం చెత్త మోసే లారీలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా పోయింది. ముక్కలైంది. అనుమతి ఉండాల్నా వద్దా అనేది ఒక వాదన. చట్టం ఉంది, వాదించుకోవచ్చు. కానీ తీసిన విగ్రహాన్ని ఎక్కడ పెట్టాలన్నది చట్టం ప్రశ్న గాదు. అది మనసులో ఉన్న ప్రశ్న. చెయ్యి ఎటు తిరిగిందో చూస్తే మనసు ఎక్కడుందో తెలుస్తది.

ఆ పొద్దున అవ్వ వచ్చింది. ఆ రోజు కోటు విప్పలేదు. మెట్ల మీదనే గట్టిగ అన్నది, “కొడకా, బాబాసాహెబును చెత్తబండ్ల ఏసిండ్రంట!”

ఓనరు తలుపు తెరిచే ఉంది. నేను “అవ్వా, లోపలికి రా, మెల్లగ” అన్నాను.

“మెల్లగ ఎందుకు? చెత్త ఎత్తేది నేను. ఏది చెత్తనో ఏది గాదో నాకు తెల్వదా? జర్ర పంజగుట్ట దాంక పోదాం రా.”

“నేను సర్కారు నౌకరోన్ని అవ్వా. ధర్నాలల్ల కనబడొద్దు. రూల్సుంటయి.”

ఆమె నన్ను చూసింది. “ఎవరి రూల్సు కొడకా? మీ నాయినకు గూడ ఊరి రూల్సుండె” అన్నది. చెప్పులేసుకుని దిగిపోయింది. ఆమెది కాంట్రాక్టు పని. సూపర్‌వైజరు పేరు కొట్టేస్తే రేపటి కూలి లేదు. నా ఉద్యోగం పోవాలంటే మెమో ఇయ్యాలె, సంజాయిషీ అడగాలె, విచారణ జరగాలె. ఇన్ని గోడల వెనుక ఉన్నవాణ్ని నేను ఆగిపోయాను. ఒక్క గోడ లేని మనిషి పోయింది.

గంట తర్వాత నేనూ పోయాను. పోయానని చెప్పుకోవటానికి సిగ్గుగా ఉంది. పంజగుట్ట మెట్రో మెట్ల మీద, పోయే వచ్చే జనంలో నిలబడి చూశాను. కింద నీలి జెండాలు, పోలీసులు, నినాదాలు. ఎవరన్నా అడిగితే రైలు కోసం నిలబడ్డానని చెప్పొచ్చు. గుంపులో ఒక రంగు కోటు కనబడ్డది. మెట్లు దిగలేదు.

ఆ రాత్రి రూల్సు తీసి చదివాను. మన ఉద్యోగులకు వర్తించేది 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి. రాజకీయాల్లో పాల్గొనొద్దు, కొన్ని రకాల ప్రదర్శనల్లో పాల్గొనొద్దు అని ఉంది. నిజమే. కానీ ఇంటి ఓనరుకు కులం చెప్పొద్దని అందులో లేదు. అవ్వ కోటు విప్పించమని లేదు. స్టాఫ్‌రూములో నోరు మూసుకొమ్మని లేదు. రూల్సు ఆపిన చోట ఒక్కసారి ఆగితే, రూల్సు ఆపని చోట వందసార్లు ఆగాను నేను.

ఈ రూల్సు సంగతి మన ముందువాళ్లకు తెలవక కాదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినప్పుడు బొజ్జా తారకం గారు ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. కత్తి పద్మారావు గారు పొన్నూరులో సంస్కృతం చెప్పే లెక్చరరు. దళిత మహాసభను నడిపారు, జైలుకు పోయారు. అందరూ రాజీనామా చేయలేరని కాన్షీరాం గారికీ తెలుసు. అందుకే 1978లో ఉద్యోగులతో బాంసెఫ్ పెట్టినప్పుడు అది వీధి పోరాటాల సంస్థ కాదన్నారు. రోడ్డు మీదికి రాలేకపోతే నీ తెలివి, నీ సమయం, నీ డబ్బు సమాజానికి తిరిగి ఇయ్యి అన్నారు. అంటే రూల్సున్నా చేయాల్సిన పని మిగిలే ఉంటది. నా సాకుకు వాళ్లు 40 ఏండ్ల కిందనే జవాబు చెప్పి పెట్టారు.

కారంచేడులో మొదటి మాట ఎవరిది? చదువుకున్నవాళ్లది గాదు. తాగే నీళ్ల చెరువు కాడ గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే, ఇవి మేం తాగే నీళ్లు అని ఒక దళిత పిల్లగాడు అడ్డుచెప్పాడు. వాణ్ని కొడుతుంటే మున్నంగి సువార్త నీళ్ల బిందె ఎత్తింది. ఆ బిందె నుంచే ఒక ఉద్యమం పుట్టింది. ఆ ఉద్యమం నుంచి మాటలు, పుస్తకాలు, పాటలు, మనలాంటి వాళ్లం పుట్టాం. ఎక్కువ పోగొట్టుకునేవాళ్లు ముందు మాట్లాడుతున్నారు. తక్కువ పోగొట్టుకునేవాళ్లం రూల్సు చదువుతున్నాం.

ఇంకో చట్టం మాట. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద చేయాల్సిన విధిని కావాలని నిర్లక్ష్యం చేసే ప్రభుత్వోద్యోగికి శిక్ష. అయితే ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగికే. న్యాయమే. బాధపడే కులంలో పుట్టినవాణ్ని, నువ్వెందుకు అడ్డుకోలేదని చట్టం శిక్షించకూడదు. చట్టం నన్ను అడగదు. మరి నన్ను అడగాల్సింది ఎవరు? అవ్వ అడిగింది. ఆమె అడగటానికి ఏ సెక్షనూ అక్కర లేదు.

ఇక బడి సంగతి. పేరు రాయను. బాత్రూములు కడిగేందుకు మనిషి లేని బళ్లు ఎన్నో ఉన్నయి, మాదీ ఒకటి. ఆరో తరగతి ఆడపిల్లలు ముగ్గురితో ఆ పని చేయించేవారు. ఆ ముగ్గురినే ఎందుకు? “వాళ్లమ్మలు చేసే పనే గదా, అలవాటుంటది” అన్నారొక టీచరు. నేను విన్నాను. ఒకరోజు రాజ్యాంగం పాఠం చెబుతున్నాను. 17వ అధికరణం, అంటరానితనం నిషేధం. హాజరు పిలుస్తుంటే ముగ్గురు పలకలేదు. పక్కపిల్ల లేచి, “బాత్రూం కాడున్నరు సార్” అన్నది. నేను ముగ్గురికీ హాజరు వేశాను. పాఠం కొనసాగించాను.

ఆ హాజరు గుర్తులు ఇప్పటికీ రిజిస్టరులో ఉంటాయి. అవి నా సంతకాలు.

2019 జూన్‌లో బళ్లు తెరిచారు. మొదటి స్టాఫ్ మీటింగులో లేచి నిలబడ్డాను. వారం రోజులు ఇంట్లో తయారు చేసుకున్న మాటలు గొంతులోనే పోయాయి. విద్యాహక్కు చట్టంలో కూడా 17వ సెక్షనే, పిల్లల్ని శారీరకంగా, మానసికంగా హింసించొద్దని చెబుతది అని మాత్రం అనగలిగాను. ఒకాయన, “సార్, మీరెందుకు పర్సనల్‌గా తీసుకుంటున్నారు? పిల్లలకు శ్రమ విలువ తెలవాలి గదా” అన్నాడు.

“శ్రమ విలువ మీ పిల్లలకు అక్కర లేదా సార్? నాకిది పర్సనలే. నేను మాదిగోన్ని. ఈ రోడ్లు ఊడ్చేది మా అవ్వే” అన్నాను. ఆరేండ్లలో ఆ గదిలో ఆ మాట నా నోటి నుంచి రావటం అదే మొదటిసారి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్ద మేడమ్, కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. “మాకు మొదటినుంచీ తెలుసు గదండీ.”

అందరికీ తెలుసు. నేను దాచానన్నది ఏదీ దాగలేదు. దాగింది నా నోరొక్కటే.

గెలిచానా? సగం. ఆ రోజు నుంచి పిల్లలు బకెట్ పట్టలేదు. టీచర్లం తలా కొంత వేసుకుని ఒక మనిషిని పెట్టాం. వచ్చిన మనిషి ఎవరు? మా వాడకట్టు ఆమెనే. చీపురు ఒక మాదిగ చేతిలోంచి ఇంకో మాదిగ చేతిలోకి పోయింది. ఈసారి జీతం ఉంది, గ్లౌజులు అడిగి ఇప్పించాను. అంతే. పిల్లలు తరగతిలో కూచున్నందుకు సంతోషపడాలె. చీపురు కులం మారనందుకు సిగ్గుపడాలె. ఈ రెండూ ఒకటేసారి చేయటం నేర్చుకుంటున్నాను. నాతో టిఫిన్ పంచుకునేవాళ్లలో ఇద్దరు తగ్గారు.

ఓనరుకు కూడా చెప్పాను. ఆయన “అయ్యో, మేమట్లాంటివి పట్టించుకోం” అన్నాడు. రెండు నెలలకు వాళ్లబ్బాయి వస్తున్నాడని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. చేశాం. ఇంకో నెలకు అటు పోతే, అదే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతున్నది.

మిత్రులు ఒక మాట అంటారు. దెబ్బ తినేది మనమే, మాట్లాడాల్సిందీ మనమేనా? ఆ స్టాఫ్‌రూములో మిగతావాళ్లంతా మౌనంగానే ఉన్నారు గదా, వాళ్ల మౌనాన్ని ఎవరూ మౌనమని కూడా అనరేం? ఉద్యోగం చేసుకుని, పిల్లల్ని చదివించుకుని నిమ్మళంగా బతికే హక్కు మాకు మాత్రం లేదా? ఈ ప్రశ్న న్యాయమైంది. దీన్ని నేను తోసెయ్యను. నిమ్మళంగా బతకటం కోసమే గదా ఇంత కొట్లాట. మొదటి బాధ్యత అన్యాయం వల్ల లాభపడేవాళ్లదే. వాళ్లు మాట్లాడే దాకా వాళ్లను అడుగుతూనే ఉండాలె.

కానీ నా నిమ్మళానికి ఎవరు ఖర్చు పెడుతున్నారో కూడా చూసుకోవాలె. అవ్వ కోటు సంచిలోకి పోతే వచ్చిన నిమ్మళం నాది గాదు. ముగ్గురు పిల్లల పాఠం పోతే వచ్చిన నిమ్మళం నాది గాదు. అందుకని ఇప్పుడు నోరు మూసుకోవాలనిపించినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. మాట్లాడితే నేను పోగొట్టుకునేదేమిటి? మాట్లాడకపోతే పోగొట్టుకునేదెవరు? మొదటిదానికి జవాబు కూడో, ప్రాణమో అయితే ఆ మౌనాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. జవాబు చాయ్ కప్పు, అద్దె ఇల్లు అయితే అది భయం గాదు, బేరం. ఇంకొకరి సొమ్ముతో నేను చేసుకుంటున్న బేరం.

2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. కొన్నాళ్లకు అవ్వను తీసుకుపోయాను. మోకాళ్లు పోయి అప్పటికి పని మానేసింది. పాత కోటు మాత్రం పారేయలేదు. తల పైకెత్తి చాలాసేపు చూసింది. తిరిగొచ్చేటప్పుడు పంజగుట్టలో దిగాం. ఆమె పాత బీటు మీద ఒకామె ఊడుస్తున్నది. అవ్వ నిలబడి, “జీతమెంతిస్తుండ్రో అడుగు కొడకా” అన్నది.

అడిగాను. ఆమె చీపురు ఆపి నా దిక్కు చూసింది. రోడ్డవతల మోటారుసైకిలు మీద కూచున్న సూపర్‌వైజరు దిక్కు చూసింది. ఏమీ చెప్పకుండా ఊడ్చుకుంటూ ముందుకు పోయింది.

అవ్వ అన్నది, “ఆమెను అడగకు. అగో, ఆయిన్ని అడుగు.”

నేను రోడ్డు దాటాను.